భయపడాల్సింది గేటు స్తంభానికి కాదు

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. ఆర్టీసీలో 34 ఏళ్లు డ్రైవరుగా చేసి 2012లో రిటైరయ్యారు. ఒక్క యాక్సిడెంటు కూడా లేదు. ఇప్పుడు ఇంట్లో చిన్న కారు నడుపుతారు. మొన్న రివర్స్ చేస్తూ గేటు స్తంభానికి కొట్టి బంపర్ పగలగొట్టారు. అంతకు నెల ముందు ఊరి నుంచి ఖమ్మం వస్తూ, చీకట్లో ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీని ఆఖరి క్షణంలో చూసి బ్రేకు వేశారని అమ్మ చెప్పింది. బంపర్ పోయిన రోజు తమ్ముడు 'ఇంక నీకు బండి రాదు నాన్నా' అని తాళం దాచేశాడు. పది రోజులుగా నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు. షుగరుకు మాత్రలు వాడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బంపర్ గురించి నాలుగు మాటలు రాశారు, ట్రాక్టరు గురించి ఒక్క మాటతో సరిపెట్టారు. ఇంట్లో గొడవ కూడా బంపర్ మీదే అయింది. అక్కడే లెక్క తప్పింది.

ఆర్టీసీ డ్రైవరు ఒంటరిగా రివర్స్ చేయడం తక్కువ. వెనక కండక్టరు విజిల్ వేస్తూ 'రైట్ రైట్' అంటాడు, 'హోల్డాన్' అంటే బ్రేకు పడుతుంది. బస్సులో సీటు ఎత్తు, అద్దాలు పెద్దవి, ముందు భాగం కళ్లెదురుగా ఉంటుంది. చిన్న కారులో కిందికి కూర్చుని, మెడ పూర్తిగా తిప్పి, కనిపించని బంపర్‌ను ఊహించుకోవాలి. డెబ్బై దాటిన మెడ అంతగా తిరగదు. ఒక రివర్స్ కెమెరా, కాకపోతే వెనక నిలబడి చెప్పే మనిషి ఉంటే ఆ సమస్య చాలావరకు తీరిపోతుంది. దానికి 'నీకు బండి రాదు' అనడం అన్యాయం. 34 ఏళ్ల సర్వీసును ఒక్క మాటతో కొట్టిపారేసినట్టు వినబడి ఉంటుంది ఆయనకు.

ట్రాక్టరు సంగతి వేరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. మామూలు లైట్లు డిమ్‌లో పెడితే స్పష్టంగా కనబడేది ఓ 40 మీటర్లు అనుకోండి. చూసి, అది ఏమిటో పోల్చుకుని, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి రెండు సెకన్లు పడితే 34 మీటర్లు అయిపోయాయి. ఆపైన పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. అనుభవం ఎంత ఉన్నా ఈ కూడిక మారదు. అదే 40 వేగంలో అంతా కలిపి ముప్పై మీటర్ల చిల్లరలో ఆగిపోతుంది. వయసుతో కంటిపాప చీకట్లో మునుపటంత పెద్దది కాదు, లోపలి కటకం మసకబారి ఎదురు లారీ వెలుగును కళ్లంతా చిమ్ముతుంది. ఆ వెలుగు పోయాక చూపు తేరుకోవడానికి కూడా ఎక్కువసేపు పడుతుంది. ఆ రాత్రి 'లైటు కళ్లలో పడింది' అని మీ నాన్నగారు అన్నారేమో అమ్మను అడగండి. అని ఉంటే శుక్లం ఉండొచ్చు.

ఆయనతో మాట ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ 'నా కళ్లు బాగున్నాయి' అని ఏ డ్రైవరూ తనకు తాను సర్టిఫికెట్ ఇచ్చుకోలేదు. డాక్టరు చూసి ఫిట్ అంటేనే స్టీరింగ్. మెడికల్ అన్‌ఫిట్ అయిన తోటి డ్రైవర్లు మీ నాన్నగారికి తెలిసే ఉంటారు. వాళ్లు చెడ్డ డ్రైవర్లని ఆయన ఎన్నడూ అనుకుని ఉండరు. రిటైరయ్యాక ఇన్నేళ్లలో ఆయన్ని అలా ఎవరైనా పరీక్షించారా? 'మానేయండి' అనకండి. 'మెడికల్‌కు వెళ్దాం నాన్నా' అనండి. ఆ మాటకు ఆయన దగ్గర అర్థం ఉంది, గౌరవం ఉంది.

కళ్లద్దాల షాపులో చేసే పరీక్ష చాలదు. కంటి డాక్టరు దగ్గర శుక్లం, కంటిలో ఒత్తిడి, పక్కచూపు, షుగరు ఉంది కాబట్టి చుక్కలు వేసి రెటీనా, నాలుగూ చూపించండి. చుక్కల తరవాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, కాబట్టి ఆ రోజు ఆయన బండి తీయకూడదు. ఇంటి దగ్గర ఓ చిన్న పరీక్ష కూడా ఉంది: పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలో, అంటే దాదాపు 33 అంగలు వేసి నిలబడి, కారు నంబరు ప్లేటు చదవగలగాలి. లైసెన్సు మెడికల్ ఫారం 1ఎ అడిగేదీ అదే.

షుగరు మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్ ఉంటే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. బండి తీసే ముందు వేలు గుచ్చి చూసుకోవాలి. 90కి తక్కువుంటే ముందు ఏదైనా తినాలి. 70కి తక్కువైతే తిని, మామూలుకొచ్చాక కూడా ముప్పావుగంట ఆగాలి. ఇంకోటి, పాదాలు. షుగరుతో తిమ్మిరెక్కిన పాదానికి తన కింద ఉన్నది బ్రేకో యాక్సిలరేటరో తెలియదు. కళ్లు మూసుకోమని బొటనవేలు తాకి చూడండి, ఎక్కడ తాకారో ఆయన చెప్పలేకపోతే డాక్టరుకు చెప్పాలి. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వాడుతుంటే ఆ చీటీలన్నీ ఒకేసారి చూపించండి.

లైసెన్సు తేదీ చూశారా? 55 దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్. 2019 సవరణ తరవాత, గడువు తీరాక నెల రోజులు చెల్లుతుందన్న పాత వెసులుబాటు లేదు. గడువు దాటి ఏడాది మించితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు తప్పదు. చూడకుండా సంతకం పెట్టే డాక్టరు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు, ఆ దారి వద్దు. లైసెన్సు లేకుండా ప్రమాదం జరిగితే బీమా డబ్బు విషయంలోనూ చిక్కులొస్తాయి.

కళ్ల రిపోర్టు బాగుంటే పగలు ఓ గంట పక్కన కూర్చుని చూడాలి. మీ తమ్ముడు వద్దు, ఇద్దరూ దారిలోనే దెబ్బలాడుకుంటారు. డిపోలో కొత్తవాళ్లకు డ్రైవింగ్ నేర్పిన పాత ఇన్‌స్ట్రక్టర్ ఎవరైనా ఉంటే ఆయన్ని పిలవండి. కుడివైపు మలుపుల్లో ఎదురు బండి వేగం అంచనా తప్పుతోందా, బండి ఓ పక్కకు జరిగిపోతోందా, బ్రేకు ఆలస్యమవుతోందా, వెనకవాళ్లు అదేపనిగా హారన్ కొడుతున్నారా అని గమనించాలి. తెలిసిన దారే మరిచిపోవడం, కళ్లు తిరిగి పడటం లాంటివి ఒక్కసారి జరిగినా ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. డాక్టరు తేల్చేదాకా బండి ఆగాల్సిందే.

ఫలితం ఏదైనా, చీకటి పడ్డాక డ్రైవింగ్ మాత్రం ఇప్పుడే ఆపించండి. ఊరి నుంచి అయిదింటికల్లా బయల్దేరితే చాలు. శుక్లం తీయించుకుంటే కన్ను కుదురుకుని కొత్త అద్దాలు వచ్చాక, డాక్టరు సరే అన్నాక, రాత్రి సంగతి మళ్లీ ఆలోచించవచ్చు. ఒకవేళ పూర్తిగా మానాల్సి వస్తే, వారంలో ఆయన కారులో వెళ్లే చోట్లన్నీ ముందే రాసి పెట్టుకోండి: పొలం, అమ్మ ఆస్పత్రి, సాయంత్రం టీ దగ్గర దోస్తులు. ఒక్కోదానికి ఆటోనో, బస్సో, తెలిసిన కుర్రాడో ఖాయమయ్యాకే తాళం అడగాలి. అద్దె డ్రైవరును పెడితే మొదటి నెల ఆయన పక్కసీట్లో కూర్చుని నేల మీద బ్రేకు తొక్కుతూనే ఉంటారు. ఓర్చుకోండి.

బీరువాలో ఉన్న ఆయన సర్వీసు కాగితాలు బయటికి తీయించండి. ఏ రూట్లు, ఏ నైట్ అవుట్లు (రాత్రి బస్సుతో బయటి ఊళ్లో ఉండిపోయే డ్యూటీలు), పవర్ స్టీరింగ్ లేని బండి ఘాట్ రోడ్డులో ఎలా మలుపు తిరిగేది, ఎక్కడ బ్రేకును నమ్మకుండా కింది గేరులో దిగేవారు, ఇవన్నీ మనవలతో అడిగించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఒకటి మాత్రం తవ్వకండి. ప్రమాదం జరగలేదన్న డ్రైవరు మనసులో కూడా వెంట్రుకవాసిలో తప్పినవి చాలా ఉంటాయి. చెబితే వినండి, చెప్పకపోతే వదిలేయండి. మాట్లాడకపోవడం, తిండి, నిద్ర తగ్గడం రెండు వారాలు దాటితే అలక అనుకోకుండా మానసిక వైద్యుడికి చూపించండి. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక తాళం. దాచినవాడే తిరిగి ఇవ్వాలి. రేపు భోజనాల ముందు, అమ్మ ఎదుట, మీ తమ్ముడు దాన్ని ఆయన చేతికిచ్చి 'ఆ మాట తప్పు నాన్నా, మెడికల్ అయ్యేదాకా బండి ఆపుదాం, డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను' అనాలి. ఆస్పత్రి అపాయింట్‌మెంట్ తేదీ అప్పటికే తీసుకుని ఉండాలి, లేకపోతే అది ఉత్తమాటగా మిగిలిపోతుంది.