ఎత్తెక్కే బండి, ఎదిగే చంద్రుడు: పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా వైపు ఘాట్ రోడ్డులో ఒకచోట బైకు న్యూట్రల్‌లో వదిలేస్తే దానంతటదే ఎత్తు మీదికి పోతుంది. కొండలో అయస్కాంతం ఉందంటారు. నిజమేనా?
– పాఠకుడు, గుణుపురం

జవాబు: బండి పల్లానికే పోతోందండీ. రబ్బరు బంతి వదిలినా, చెంబుడు నీళ్లు పోసినా అటే పోతాయి. ఆ రెండింటినీ అయస్కాంతం లాగదు కదా.

కన్ను వాలును కొలవదు, చుట్టూ ఉన్నవాటితో పోల్చుకుంటుంది. మైదానంలో దూరాన నేలా ఆకాశమూ కలిసే గీతను బట్టి ఏది సమమో తెలుస్తుంది. ఘాట్‌లో ఆ గీతను కొండలు మూసేస్తాయి. ఇక పక్కనున్న గట్టు, ఒరిగిన చెట్లు, రాళ్ల గోడ ఇవే ఆధారం. బాగా వాలుగా దిగే రోడ్డు ఉన్నట్టుండి మెల్లగా దిగడం మొదలుపెడితే, ఆ ముక్క ఎక్కుతున్నట్టే కనిపిస్తుంది. లోపలి చెవీ ఇక్కడ సాయం చేయలేదు. వాలు మీద నిలబడినా మనిషి నిటారుగానే ఉంటాడు.

తేల్చుకోవాలంటే తాపీ మేస్త్రీల దగ్గర 12 మీటర్ల లెవెల్ పైపు తీసుకోండి. నీళ్లు నింపి, ముందు రెండు చివర్లూ పక్కపక్కన పట్టి చూడండి. మట్టాలు సమంగా లేకపోతే లోపల గాలి బుడగ ఉన్నట్టే. పైపు తట్టి దాన్ని వెళ్లగొట్టాలి. తర్వాత చివర్లు వేళ్లతో మూసి తీసుకెళ్లి, 10 మీటర్ల దూరంలో రెండు కర్రలకు కట్టి, వేళ్లు తీసేసి, నీటి మట్టం నుంచి రోడ్డు దాకా రెండుచోట్లా టేపుతో కొలవండి. కొలత ఎక్కువ వచ్చిన చోటే పల్లం. ఒక డిగ్రీ వాలుకు తేడా దాదాపు 17 సెంటీమీటర్లు. ఫోన్ జీపీఎస్ చూపే ఎత్తును నమ్మొద్దు, అది మీటర్ల కొద్దీ తప్పుతుంది. లెవెల్ యాప్ వాడితే ఫోన్‌ను తారు మీద కాకుండా రెండు మీటర్ల సరి బద్ద మీద పెట్టండి, లేకపోతే అది చెప్పేది రోడ్డు వాలు కాదు, గుంత వాలు. ఇదంతా మలుపు దగ్గర మాత్రం వద్దు. లారీవాడికి మీ ప్రయోగం సంగతి తెలీదు.

ప్రశ్న: బరంపురంలో పట్టుచీర కొని, అక్కడే పక్కన పెట్టి చూసి జాకెట్టు గుడ్డ తీసుకున్నాను. ఇంటికొచ్చి గుమ్మంలో చూస్తే రెండూ వేరు రంగులు! గుడ్డ మార్చేశారా?
– పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: పాపం, షాపువాళ్లను అనుమానించకండమ్మా. కంటిలో రంగును పట్టే కణాలు మూడు రకాలే. రెండు గుడ్డల నుంచి వచ్చే కాంతిలో తేడా ఉన్నా, ఆ మూడింటికీ అందే మోతాదు ఒకటే అయితే మనకు ఒకే రంగు కనిపిస్తుంది. పట్టుకు వేసే రంగులు, నూలుకు వేసే రంగులు వేరు. షాపు ఎల్‌ఈడీ కింద కుదిరిన లెక్క పగటి వెలుగులో తప్పుతుంది.

ఈసారి రెండింటినీ షాపు బయటికి తెచ్చి నీడలో చూడండి, నేరు ఎండలో కాదు. కన్ను కొత్త వెలుగుకు సర్దుకునేందుకు రెండు మూడు నిమిషాలు ఆగండి. గుడ్డలు ఒకదానికొకటి ఆనాలి. మధ్యలో అంగుళం ఎడమున్నా చిన్న తేడాలు కంటికి దొరకవు. అంచు కూడా మోసం చేస్తుంది: ఎర్రంచు పక్కన బూడిద రంగు కాస్త ఆకుపచ్చగా కొడుతుంది. తెల్ల అట్టకు రూపాయి బిళ్లంత కన్నం చేసి అందులోంచి ఒళ్లు మాత్రమే చూస్తే అసలు రంగు తెలుస్తుంది. రాత్రి పెళ్లికి కట్టే చీరైతే పసుపు బల్బు కింద కూడా చూసుకోవాలి. ఇంట్లో అద్దం దగ్గరికి బల్బు కొనేటప్పుడు పెట్టె మీద సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా అంతకు మించి ఉన్నది అడగండి. మామూలువి 80 దగ్గర ఉంటాయి.

పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న చీర మడత తిప్పినప్పుడల్లా మారుతుంది. ఆ మార్పు కంటిది కాదు, నేతది.

ప్రశ్న: గోపాల్‌పూర్ సముద్రం మీద పున్నమి చంద్రుడు పళ్లెమంత ఉంటాడు, రాత్రి పదింటికి చిన్నబోతాడు. గాలి పెద్దది చేస్తుందా?
– పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: చేయదు. దిగంతం దగ్గర గాలి చంద్రుణ్ణి ఎర్రబరుస్తుంది, నిలువులో కాస్త నొక్కుతుంది, అంతే. నిజానికి నడినెత్తికి వచ్చేసరికి చంద్రుడు మనకు దాదాపు 6,400 కిలోమీటర్లు దగ్గరవుతాడు కాబట్టి, అప్పుడే ఒకటిన్నర శాతం పెద్దగా ఉండాలి!

కాగితాలకు కన్నం పొడిచే పంచింగ్ మెషీన్ రంధ్రం సుమారు 6 మిల్లీమీటర్లు. ఆ కాగితాన్ని చేయి బారచాపి పట్టుకుంటే రంధ్రంలో చంద్రుడు దాదాపు సరిగ్గా పడతాడు, ఏడింటికైనా, పదింటికైనా. ఫొటోలు తీస్తే రెండుసార్లూ ఒకే జూమ్ ఉంచండి. వెలుతురు తగ్గించకపోతే చంద్రుడు చెదిరి పెద్దగా పడతాడు. అడ్డంగా మాత్రమే కొలవండి.

ఎందుకలా కనిపిస్తాడన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. దిగంతం నడినెత్తి కన్నా దూరమని మెదడు అనుకుంటుందనీ, అంత దూరాన అదే కొలతలో కనిపిస్తున్నది పెద్దదే అయ్యుండాలని లెక్కగడుతుందనీ ఒక వాదన. కాగితం గొట్టంలోంచి చూసి చుట్టుపక్కలను కత్తిరించేస్తే చాలామందికి ఆ పెద్దరికం తగ్గుతుంది.

ప్రశ్న: స్టేషన్లో పక్క రైలు కదిలితే మన రైలే కదిలినట్టుంటుందేం?
– పాఠకుడు, బరంపురం

జవాబు: కిటికీ నిండా ఉన్నది కదిలితే కదిలేది మనమేనని మెదడు తీర్మానిస్తుంది. లోపలి చెవి వేగంలో మార్పును మాత్రమే పడుతుంది. రైలు మెల్లగా బయలుదేరేటప్పుడు ఆ మార్పు చాలా చిన్నది, అందుకే చెవి కాదనదు. అవతలి కిటికీలోంచి ప్లాట్‌ఫాం స్తంభం చూడండి, వెంటనే తేలిపోతుంది.