కవరు కింద కొత్త కారు

ప్రశ్న: మాది కాకినాడ. మావారికి 70 ఏళ్ళు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మా ఇంటికి ఫియట్ తప్ప వేరే కారు రాలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న పద్మిని, తర్వాత యూనో, ఆ తర్వాత పాలియో, 2010 నుంచి లినియా. మొన్నామధ్య ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకి భీమరథ శాంతి చేసుకున్నాం. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఆయనకు చెప్పకుండా కొత్త ఆటోమేటిక్ కారు కొని, రిబ్బను కట్టి వాకిట్లో పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. భోజనాల దగ్గర అందరి ముందూ, "పాతదానికి డెబ్బై వేలు ఇస్తామన్నారు నాన్నా. పదిహేనేళ్ళు నిండాయిగా, ఎటూ తుక్కే" అన్నాడు. ఆయన పెరుగన్నం తినకుండానే లేచిపోయారు. ఏడు నెలలైంది, తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. కొత్త కారుకి కవరు కప్పి ఉంచారు. ప్రతి ఆదివారం కవరు తీసి, పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి, మళ్ళీ కప్పేస్తారు. నడపరు, పెట్రోలు దండగ. నాకు మోకాళ్ళ నొప్పులు, లినియాలో కూర్చుని లేవడం కష్టంగా ఉంది. ఆ మాటంటే కొడుకుని వెనకేసుకొస్తున్నానంటారని ఊరుకుంటున్నాను. ఈ మనిషికి కన్నకొడుకు కన్నా ఇనుపముక్క ఎక్కువైపోయిందా?

జవాబు: అమ్మా, మీరు ఫిర్యాదుగా రాసిన ఆ ఆదివారం సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. ఇష్టంలేని కారైతే ఏడు నెలల పాటు ప్రతి వారం ఎవరు స్టార్ట్ చేస్తారు? బ్యాటరీ చచ్చిపోతే పోనీ అనుకునేవారు. కవరు తీసి, దుమ్ము దులిపి, పది నిమిషాలు కూర్చుని, మళ్ళీ చెంగులు సర్ది కడుతున్నారంటే, కొడుకు ఇచ్చిన వస్తువు పాడవకూడదని చూసుకుంటున్నారన్నమాట. కోపం ఉంది, కాదనను. ఆ కోపం కారు మీద కాదు, ఆ రోజు భోజనాల దగ్గర మాట మీద.

ఇలాంటి ఉత్తరాలు చదివినప్పుడు చాలామంది "గొడవ కారు గురించి కాదులెండి, అహం గురించి" అని తేల్చేస్తారు. నేను అలా అనను. ఇక్కడ గొడవ కారు గురించే. మీరూ మీ అబ్బాయీ కూడా దాన్ని కారు గొడవగానే చూస్తే పని సులువవుతుంది.

ఆయన కార్ల వరస ఒకసారి గుర్తు చేసుకోండి. పద్మిని అంటే ఫియట్ 1100. ముంబయిలోని కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసేది. 1970లలో పేరు పద్మిని అని మార్చినా మన జనం నోట ఫియట్ ఫియట్‌గానే ఉండిపోయింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, ముందు సోఫాలాంటి పొడుగు సీటు. ఆ రోజుల్లో కారంటే ప్రధానంగా రెండే మాటలు: అంబాసిడర్, ఫియట్. అంబాసిడర్ అనగానే తెల్ల కారు, డ్రైవరు, వెనక సీట్లో ఆఫీసరు గుర్తుకొస్తారు. ఫియట్ మాత్రం డాక్టర్లు, ప్లీడర్లు సొంతంగా నడుపుకునే బండి. ఇరిగేషన్‌లో ఇంజనీరై ఉండి, డిపార్టుమెంటు జీపు, అంబాసిడర్ చూసి చూసి, సొంత డబ్బుతో ఫియట్ కొనుక్కున్న మనిషి మీవారు. సర్కారు బండి వేరు, నా బండి వేరు అని అప్పుడే ఒక గీత గీసుకున్నారేమో అనిపిస్తుంది నాకు. ఆ పొడుగు సీట్లో మీ ఇద్దరి మధ్య మీ అబ్బాయి నిలబడి వచ్చిన ప్రయాణాలు కూడా ఉండే ఉంటాయి. వాడు ఎంత ఇప్పుడు ఆటోమేటిక్ అన్నా, ఫియట్‌లో పెరిగిన పిల్లాడే.

1996లో యూనో వచ్చింది. 2001లో పాలియో, సచిన్ టెండూల్కర్ ప్రకటనలతో. 2009లో లినియా. పద్మిని రోజులు పోయాక ఫియట్ మన దేశంలో అమ్మకాల్లో ముందు వరసలో నిలబడలేదు, 2019కల్లా కార్ల అమ్మకమే ఆపేసింది. ఇక్కడే ఫియట్ అభిమానుల తంతు వేరు. మారుతి కొన్నవాడికి తన ఎంపికను సమర్థించుకోవాల్సిన పని లేదు, వీధి వీధంతా సమర్థిస్తుంది. ఫియట్ కొన్నవాడికి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఆఫీసు క్యాంటీన్లో ఒకటే ప్రశ్న: "పార్టులు దొరుకుతాయా? అమ్మితే రేటొస్తుందా?" ముప్పై ఏళ్ళు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ వచ్చిన మనిషికి, 70వ పుట్టినరోజున, అరిటాకు ముందు, కొడుకే ఆ ప్రశ్నకు అంకె వేసి చెప్పాడు. డెబ్బై వేలు. తుక్కు. మీ అబ్బాయి మనసులో ఏ దురుద్దేశమూ లేదు, అది మీకూ నాకూ తెలుసు. కానీ చుట్టాలంతా ఇన్నేళ్ళుగా అంటున్న మాటే వాడి నోట వచ్చింది.

ఇంకొకటి. మీవారికి ఒక చిన్న గర్వం ఉండే ఉంటుంది, అడిగి చూడండి. రోడ్డు మీద పాత డీజిల్ స్విఫ్ట్ వెళ్తుంటే "లోపల ఉంది మనదే" అని ఎప్పుడైనా అన్నారా? ఫియట్ వాళ్ళంతా అంటారు. పూణె దగ్గర రంజన్‌గావ్ ఫ్యాక్టరీలో తయారైన ఫియట్ 1248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజను తమ కార్లకే కాదు, టాటా ఇండికా విస్టాకీ పెట్టారు. స్విఫ్ట్, డిజైర్‌లలో తిరిగిందీ అదే రకం ఇంజను. బండ్ల సంగతి తెలిసినవాళ్ళు సరదాగా దాన్ని జాతీయ ఇంజను అనేవారు. అంటే కారు అమ్ముడుపోలేదు కానీ గుండె మాత్రం ఊరంతా కొట్టుకుంది. మీ లినియా డీజిల్‌ది అయితే దాని ఇంజనుకి కావలసినవి ఇప్పటికీ పెద్ద కష్టం లేకుండా దొరకడానికి కారణం అదే. దొరకనివి లైట్లు, బంపర్లు, లోపలి ప్లాస్టిక్కు. ఆయన అటక మీద ఒక అట్టపెట్టె దాచి ఉంచారంటే అందులో అవే ఉంటాయి. పారెయ్యకండి.

డెబ్బై వేల లెక్క గురించి ఒక మాట. 1990లో డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థులతో చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి ఎంతకు అమ్ముతారని అడిగారు, మిగతావాళ్ళను ఎంతకు కొంటారని అడిగారు. కప్పు చేతికొచ్చి కాసేపే అయింది, అయినా అమ్మేవాళ్ళు చెప్పిన ధర కొనేవాళ్ళ ధరకు దాదాపు రెట్టింపు. కాసేపటి కప్పుకే అంత ఉంటే పదిహేనేళ్ళ లినియాకి ఎంత ఉండాలో మీరే చెప్పండి. మా నాన్నగారు మారుతి 800 అమ్మినప్పుడు బేరం పది నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత చలికాలం పొద్దున్న, చల్లబడ్డ ఇంజను స్టార్టవడానికి లాగే చోక్ ఎంత లాగాలో, ఎప్పుడు తిరిగి నొక్కాలో కొన్నవాడికి అరగంట చెప్పారు. వాడు ఫోన్ చూసుకుంటూ తలూపాడు. ఆ వేళ మా ఇంట్లో రాత్రి భోజనం ఎవరికీ సరిగ్గా దిగలేదు. బేరం తక్కువైందని కాదు.

ఆ చోక్ సంగతే మీవారి విషయంలోనూ ముఖ్యం అనిపిస్తుంది. ఆయనకు ఉన్నది కంపెనీ అభిమానం మాత్రమే కాదు, ఒక విద్య. నలభై ఏళ్ళుగా ఆ బండ్ల శబ్దం విని జబ్బు చెప్పగలరు. మెకానిక్ పేరు, వాళ్ళ అబ్బాయి పేరు, ఏ బోల్టు ఎప్పుడు వదులైందో తెలుసు. కొత్త కారు బానెట్ ఎత్తితే ఏముంది? నల్ల ప్లాస్టిక్ మూత. 70 ఏళ్ళ ఇంజనీరు దాని ముందు నిలబడి ఏం చెప్పగలరు? దానికి తోడు ఆటోమేటిక్. క్లచ్చి లేదు. ఇన్నేళ్ళు పనిచేసిన ఎడమ కాలు ఇప్పుడు ఊరికే కూర్చోవాలి. అలవాటు కొద్దీ అది క్లచ్చి అనుకుని బ్రేకు మీద పడితే బండి గట్టిగా కుదుపుతో ఆగుతుంది, వెనకాల లారీ ఉంటే ప్రమాదం. నడపను అని ఆయన మొండికేస్తున్నారనే మీరు అనుకుంటున్నారు. కొంత భయం కూడా ఉందేమో చూడండి. ఆ భయం కొడుకు దగ్గర ఒప్పుకోవడం ఏ తండ్రికీ తేలిక కాదు. కాబట్టి నేర్పించే పని అబ్బాయికి పెట్టకండి. ఒక డ్రైవింగ్ స్కూలు మాస్టారిని నాలుగు రోజులు పిలిపించి, తెల్లవారుజామున ఖాళీ గ్రౌండులో, ఎడమ కాలు వెనక్కి మడిచి పెట్టుకుని ప్రాక్టీసు చేస్తే సరిపోతుంది. చూసేవాళ్ళు ఎవరూ లేకపోవడం ముఖ్యం.

ఇక "పదిహేనేళ్ళు నిండితే తుక్కే" అన్నది. మీ అబ్బాయి ఢిల్లీ వార్తలు విని ఉంటాడు. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద కోర్టు ఆంక్షలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క లేదు. పదిహేనేళ్ళు నిండాక బండిని రవాణా శాఖ వాళ్ళకు చూపించి, బాగుందనిపిస్తే రిజిస్ట్రేషను ఇంకో అయిదేళ్ళకు పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది, గ్రీన్ ట్యాక్సు అదనం, ఇన్సూరెన్సు ఎటూ తప్పదు. 20 ఏళ్ళు దాటితే ఫీజు ఇంకా ఎక్కువ. మీ లినియా 2010ది అన్నారు, అంటే ఆ గడువు దాటిపోయినట్టే. చేయించకుండా రోడ్డెక్కితే ఇబ్బంది. ఆయన ఇప్పటికే చేయించి, మీకు చెప్పి ఉండకపోవచ్చు కూడా. అడగండి.

ఈ కాగితాల పనే మీ అబ్బాయికి అప్పగించమని నా సలహా. "క్షమించు నాన్నా" అని ఫోనులో చెప్పించకండి. మన ఇళ్ళల్లో తండ్రికి అది ఎలా అందుకోవాలో తెలియదు, "సరేలే, అన్నం తిన్నావా" అని పెట్టేస్తారు. దాని బదులు "నాన్నా, లినియా రీ-రిజిస్ట్రేషను నేను ఈసారి వచ్చినప్పుడు చేయిస్తాను, ఆర్సీ ఫోటో పంపండి" అని ఒక్క మెసేజి పెట్టమనండి. తుక్కు అన్న నోటితోనే ఇంకో అయిదేళ్ళు అన్నట్టవుతుంది. వచ్చినప్పుడు కొత్త కారు ఊసెత్తొద్దనండి. లినియాలోనే సామర్లకోట భీమేశ్వరుడి గుడికి వెళ్ళి రండి. వాడు నడపాలి, ఆయన పక్కన కూర్చోవాలి. "థర్డ్‌కి వెయ్యి", "హారన్ కొట్టు" అని ఆయన అంటుంటే వాడు విసుక్కోకూడదు. ఇది మాత్రం ముందే గట్టిగా చెప్పండి.

మీకు చెప్పాల్సింది మోకాళ్ళ గురించి. ఏడు నెలలుగా మీరు నొప్పి దాచి, ఇద్దరి మధ్యా తటస్థంగా ఉన్నాననుకుంటున్నారు. ఆయనకు అది తటస్థంగా కనబడటం లేదేమో. మీ నొప్పి కొడుకు పక్షమూ కాదు, ఫియట్ పక్షమూ కాదు. లినియా సీటు కిందికి ఉంటుంది, కూర్చోవాలంటే దిగాలి, లేవాలంటే తలుపు పట్టుకుని వేలాడాలి. ఆ సంగతి ఆయనకు ఇంజనీరు భాషలోనే చెప్పండి, "సీటు ఎత్తు నాకు చాలడం లేదండీ" అని. కారు మంచిదా చెడ్డదా అన్న చర్చే రాకూడదు. తన కోసం ఇచ్చిన కారుని తనకోసం నడపలేని మనిషి, మీ డాక్టరు దగ్గరికి నడపగలరు. ఇందులో మాయ చేయడం ఏమీ లేదు, మీకు నిజంగానే నొప్పి కదా.

రెండు కార్లు ఎందుకు అని చుట్టాలంటారు. వాకిట్లో చోటుందా, ఖర్చు మీ పెన్షన్‌లో సర్దుకుంటుందా, ఈ రెండే మీరు చూసుకోవాల్సినవి. లినియా మీద ఏడాదికి ఇంత అని ఒక మొత్తం ఆయన చేతనే కాగితం మీద రాయించండి. అంతకు మించితే ఏం చేయాలో ఆయనే చెబుతారు. ఆయన కళ్ళ పరీక్ష కూడా చేయించండి, ఏ కారు నడిపినా అది కావాల్సిందే.

పెట్రోలు దండగ అన్నారు. నిలబెట్టి పది నిమిషాలు ఆన్ చేస్తే బ్యాటరీకి పెద్దగా బలం రాదు, టైర్లకు అసలు ఉపయోగం లేదు. బండి కొంత దూరం కదలాలి. ఆ సంగతి ఆయనకు మనకంటే బాగా తెలుసు. వచ్చే ఆదివారం ఆయన కవరు తీస్తున్నప్పుడు మీరు చెప్పులు వేసుకుని, బ్యాగు పట్టుకుని వెళ్ళి పక్క సీట్లో కూర్చోండి. ఎక్కడికి అని అడుగుతారు. వీధి చివరి మందుల షాపు దాకా అనండి.