శాంక్షన్ లెటర్ వచ్చింది, నిద్ర మాత్రం రావడం లేదు

ప్రశ్న: మేడమ్, మేం మియాపూర్‌లో అద్దెకుంటున్నాం. కూకట్‌పల్లిలో పదేళ్ల కిందట కట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ 72 లక్షలకు మాట్లాడుకున్నాం. 6 లక్షలు బయానా ఇచ్చి, రెండు నెలల గడువుతో అగ్రిమెంట్ రాసుకున్నాం. అందులో 4 లక్షలు నా నగలు అమ్మి తెచ్చినవే. 57 లక్షలకు బ్యాంకు శాంక్షన్ లెటర్ ఇచ్చి అయిదు వారాలైంది, ఎప్పుడు ఫోన్ చేసినా "లీగల్‌లో ఉంది మేడమ్" అంటున్నారు. అమ్మే ఆయనకు కూడా ఆ ఇంటి మీద ఇంకా 9 లక్షల లోన్ ఉందట. గడువు పదకొండు రోజుల్లో అయిపోతోంది, శ్రావణంలో గృహప్రవేశానికి మా అత్తగారు ముహూర్తం కూడా పెట్టించేశారు. మా ఆయనేమో మాటిమాటికీ ఫోన్ చేస్తే బ్యాంకువాళ్లు విసుక్కుంటారంటారు. లోన్ రాకపోతే మా 6 లక్షలు పోయినట్టేనా? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు.
ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: అమ్మా, ముందు ఆ పదకొండు రోజుల సంగతి చూద్దాం, లోన్ సంగతి తర్వాత. మీ 6 లక్షలకు ఇప్పుడున్న ప్రమాదం బ్యాంకు దగ్గర కాదు, అగ్రిమెంట్‌లో రాసుకున్న తేదీ దగ్గర ఉంది. ఈ రోజే ఆ అగ్రిమెంట్ తీసి రెండు విషయాలు చదవండి. గడువు దాటితే బయానా ఏమవుతుందని రాశారు, లోన్ రాకపోతే డబ్బు వెనక్కిస్తామన్న మాట ఎక్కడైనా ఉందా. చాలామంది డాక్యుమెంట్ రైటర్ దగ్గరున్న పాత నమూనాలోనే పేర్లు మార్చి రాయించేసుకుంటారు, అందులో లోన్ ఊసే ఉండదు. లేకపోయినా కంగారుపడకండి. మీరూ మీ ఆయనా కలిసి అమ్మే ఆయన ఇంటికి వెళ్లండి, ఫోన్‌లో కాదు, వెళ్లి కూర్చుని మాట్లాడండి. గడువు ఇంకో 45 రోజులు పొడిగిస్తున్నామనీ, ఇంటి కాగితాల్లో లోపం వల్ల బ్యాంకు లోన్ ఇవ్వకపోతే బయానా తిరిగి ఇస్తాననీ అగ్రిమెంట్ వెనక రాయించి, తేదీ వేసి, ఇద్దరు సాక్షులతో పాటు అందరూ సంతకాలు పెట్టండి. మీ దగ్గరా, ఆయన దగ్గరా ఉన్న రెండు కాపీల మీదా పెట్టాలి. ఆయన నోటిమాటగా "పర్లేదమ్మా, నేనెక్కడికి పోతాను" అంటారు, మంచివారే అయి ఉండొచ్చు, అయినా సంతకం అడగండి. రేపు వాళ్ల పిల్లలు ఎక్కువ ధర ఇచ్చే మనిషిని తీసుకొస్తే ఆ నోటిమాటకు విలువ ఉండదు.

ఇక లోన్. శాంక్షన్ లెటర్ అంటే మీ జీతం, మీ సిబిల్ (అప్పులు సరిగ్గా కడుతున్నారో లేదో చెప్పే రికార్డు) చూసి మీకు ఇంత ఇవ్వొచ్చని బ్యాంకు ఒప్పుకోవడం. అంటే మీ వంతు పరీక్ష మీరు పాసయ్యారు. ఇప్పుడు నడుస్తున్నది ఇంటికి పరీక్ష. లీగల్ అంటే ప్యానెల్ లాయర్, అంటే బ్యాంకు పెట్టుకున్న లాయర్, లింకు డాక్యుమెంట్లు (ఆ ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), అప్రూవ్డ్ ప్లాన్ చూసి టైటిల్, అంటే యాజమాన్య హక్కు, సరిగ్గా ఉందని రాసివ్వడం, టెక్నికల్ అంటే వాల్యూయర్ వచ్చి కొలతలు, విలువ చూడటం. "లీగల్‌లో ఉంది" అన్న మాట వినగానే మనకు "వద్దంటారేమో" అనిపిస్తుంది కానీ, చాలాసార్లు దానర్థం ఏదో ఒక కాగితం తక్కువైందనీ, ఆ సంగతి ఎవరూ మీకు చెప్పలేదనీ.

ఇది నేను అనుభవించాను. 2011లో మల్కాజిగిరిలో మేం ఫ్లాట్ కొన్నప్పుడు ఇరవై రోజులు ఇదే మాట చెప్పారు. నేనైతే దేవుడికి మొక్కులు మొక్కుకుంటూ కూర్చున్నాను. చివరికి మా తమ్ముడు పట్టుబట్టి ప్యానెల్ లాయర్ ఆఫీసు ఎక్కడో కనుక్కుని తీసుకెళ్లాడు. రెండో అంతస్తులో చిన్న గది, గోడ వారగా మోకాలెత్తున ఫైళ్లు. మా ఫైలు వెతికి తీస్తే దాని మీద ఒక పసుపు చీటీ, "లింకు డాక్యుమెంట్ 3వ పేజీ లేదు" అని. జిరాక్స్ తీసినవాడు ఒక పేజీ వదిలేశాడు, అంతే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఇచ్చాక నాలుగో రోజున లీగల్ వచ్చేసింది. ఆ ఒక్క పేజీ కోసం నేను ఇరవై రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అందుకే మీ ఆయన మాట ఈ ఒక్క విషయంలో వినకండి. ఫోన్ కాదు, బ్రాంచికే వెళ్లండి. "ఎప్పుడవుతుంది" అని అడిగితే "అవుతుంది" అంటారు. "ఏ కాగితం పెండింగ్‌లో ఉంది, రాసివ్వండి" అని అడగండి.

మీ విషయంలో ఆ కాగితం ఏమిటో నేను ఊహించగలను. అమ్మే ఆయన లోన్ తీరలేదు కాబట్టి ఒరిజినల్స్ ఆయన బ్యాంకులో ఉంటాయి, వట్టి జిరాక్సులు చూసి మీ బ్యాంకు లాయర్ సరే అనలేరు. తమ దగ్గర ఏయే డాక్యుమెంట్లు ఉన్నాయో ఆ బ్యాంకు స్టాంపు వేసి ఇచ్చే జాబితా కావాలి. ఎంత కడితే లోన్ మూసేస్తారో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్ కూడా కావాలి. ఇవి ఆయన అడిగితేనే ఇస్తారు, మీరు వెళ్తే ఇవ్వరు. వడ్డీ రోజూ పెరుగుతుంది కాబట్టి ఫోర్‌క్లోజర్ లెటర్ ఒక తేదీ వరకే చెల్లుతుంది, మరీ ముందు తెస్తే మళ్లీ తేవాల్సి వస్తుంది. ఆ 9 లక్షలను మీ లోన్‌లోంచే మీ బ్యాంకు నేరుగా ఆ బ్యాంకు పేరున డీడీ తీసి కట్టేలా మాట్లాడుకోండి, ఆయన చేతికి ఇచ్చి కట్టుకోమనకండి. లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లోగా ఒరిజినల్స్ ఇవ్వాలని, ఆలస్యం తమ వల్లే అయితే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు నుంచి ఉంది. అడగడానికి ఆయన మొహమాటపడితే ఇది చెప్పండి.

డబ్బు లెక్క కూడా ఒకసారి చూసుకోండి. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉన్న లోన్‌కు ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు. వాల్యూయర్ 68 లక్షలే అని రాస్తే మీకు వచ్చేది 54 లక్షల 40 వేలు, ఆ మిగతా రెండున్నర లక్షల పైచిలుకు మీరే చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు మనకు దాదాపు ఏడున్నర శాతం, అంటే 5 లక్షల 40 వేలు, దాన్ని ఈ 80 శాతం లెక్కలో కలపరు. ఇల్లు 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మే ఆయనకు ఇచ్చే దాంట్లోంచి 1 శాతం, 72 వేలు, టీడీఎస్ అనే ఆదాయపు పన్ను కింద పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలి. ఇది అదనపు ఖర్చు కాదు కానీ ఆయనకు ముందే చెప్పి ఉంచండి, రిజిస్ట్రేషన్ రోజు గొడవ ఉండదు.

రిజిస్ట్రేషన్ అయ్యేవరకు కొత్త ఇంటికని సోఫా, ఫ్రిజ్ ఈఎంఐలో తీసుకోకండి. డబ్బు విడుదల చేసే ముందు బ్యాంకు సిబిల్ మళ్లీ చూడొచ్చు. భయంతో ఇంకో మూడు బ్యాంకుల్లో ఒకేసారి అప్లై చేయడం కూడా వద్దు, ప్రతి ఎంక్వైరీ అందులో నమోదవుతుంది.

ఒకవేళ లాయర్ నిజంగానే టైటిల్ బాగా లేదని రాస్తే? ప్రభుత్వం రిజిస్ట్రేషన్లు ఆపిన నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందనో, మీ ఫ్లోరుకు పర్మిషనే లేదనో, చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దులోకి) వస్తుందనో. అప్పుడు ఏడుపొస్తుంది, నిజమే. కానీ ఆ ఇల్లు వద్దు. పర్మిషన్ లేని ఇంటిని ఇంకో బ్యాంకులో ఎలాగో గట్టెక్కిస్తామని ఏజెంట్ చెప్తే వినకండి. లీగల్ ఒపీనియన్ కాపీ అడిగి తీసుకుని, దాన్ని చూపించి బయానా వెనక్కి అడగండి. ఇవ్వనంటే లాయర్ నోటీసు పంపండి.

ముహూర్తం గురించి అత్తగారితో మీరు కాదు, మీ ఆయనే మాట్లాడాలి. శ్రావణం దాటినా కార్తీకంలో, మాఘంలో ముహూర్తాలుంటాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఎప్పుడో మూసేసిన క్రెడిట్ కార్డుకు బాకీ ఉన్నట్టు సిబిల్‌లో చూపిస్తోంది, స్కోరు 640. ఉప్పల్ వైపు ఒక ఫ్లాట్ నచ్చింది. బయానా ఇవ్వొచ్చా?
ఒక తండ్రి, రామంతాపూర్

జవాబు: ఇప్పుడే వద్దండి. ముందు రిపోర్టు పూర్తిగా తీయండి, ఏడాదికి ఒకటి ఉచితం. అందులో ఆ కార్డు పక్కన "సెటిల్డ్" అని ఉందా, బాకీ అనే ఉందా చూడండి. సెటిల్డ్ అంటే కొంత తగ్గించి కట్టించుకున్నారని, బ్యాంకులు దాన్ని మంచిగా చూడవు, ఆ మిగిలింది కట్టి "క్లోజ్డ్" చేయించుకోవాలి. నిజంగా మొత్తం కట్టేసి ఉంటే కార్డు బ్యాంకు నుంచి నో డ్యూ లెటర్ తీసుకుని సిబిల్ సైట్లో డిస్ప్యూట్ వేయండి. 30 రోజుల్లో సరిచేయాలి, దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. స్కోరు మారాక శాంక్షన్ లెటర్ చేతిలో పెట్టుకుని ఫ్లాట్ మాట్లాడండి. నచ్చిన ఫ్లాట్ చేజారుతుందని భయమైతే ఆ ఓనర్‌కు ఉన్న విషయం చెప్పి నెల రోజులు ఆగమని అడగండి, టోకెన్ మాత్రం ఇవ్వకండి.