ఎడమ చెయ్యి వదిలేది ఎప్పుడు?

టెన్నిస్ ప్రశ్నలు – జవాబులు

ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ బ్యాక్‌హ్యాండ్ చుట్టూనే, అంటే రాకెట్ పట్టిన చేతికి అవతలి పక్క వచ్చే బంతిని కొట్టే షాట్ చుట్టూనే తిరిగాయి. డబుల్ హ్యాండ్ (రెండు చేతుల షాట్) నుంచి సింగిల్ హ్యాండ్‌కి (ఒంటిచేతి షాట్) మారాలనుకుంటున్నవాళ్లూ, మారి అవస్థ పడుతున్నవాళ్లూ రాసిన వాటిలో కొన్నింటికి మా శిక్షకుల జవాబులు ఇవి. కుడిచేతి ఆటగాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. ఎడమచేతివాళ్లు కుడి, ఎడమ తిప్పి చదువుకోండి.

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆరేళ్లుగా డబుల్ హ్యాండ్ బ్యాక్‌హ్యాండే ఆడుతున్నాను. స్లైస్ (బంతి అడుగును కోస్తూ కొట్టే షాట్) బాగా పడుతుంది, నెట్ దగ్గరికెళ్లి ఆడటమంటే ఇష్టం. సింగిల్ హ్యాండ్‌కి మారతానంటే మా కోచ్ సార్ ఇప్పుడొద్దంటున్నారు. పదిహేడేళ్లకు మారితే ఆలస్యమా? ఎన్నాళ్లు పడుతుంది?
– విద్యార్థి, కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

జవాబు: వయసు అడ్డం కాదు గానీ మీ సార్ చెప్పిన ‘ఇప్పుడొద్దు’ సరైన మాటే. పీట్ సంప్రాస్ పద్నాలుగేళ్ల వయసులో మారాడు, మారాక కొంతకాలం జూనియర్ పోటీల్లో ఓడిపోతూనే ఉన్నాడు. డొమినిక్ థీమ్ అంతకంటే చిన్నప్పుడే మారి 2020లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఆ వయసు పిల్లలకు ఓడిపోవడానికి తీరిక ఉంటుంది. మీకు ముందు పబ్లిక్ పరీక్షలు, ఆ తర్వాత ఈఏపీసెట్ ఉన్నాయి. రోజూ కోర్టుకు రాలేని నెలల్లో ఈ పని మొదలుపెడితే పాత షాట్ పాడవుతుంది, కొత్తది రాదు. ఎంట్రెన్సులన్నీ అయ్యాక మొదలుపెట్టండి.

ఈలోగా ఎందుకు మారాలనుకుంటున్నారో తేల్చుకోండి. స్లైస్, బ్యాక్‌హ్యాండ్ వాలీ (బంతి నేల తాకకముందే కొట్టేది) ఇప్పటికే ఒంటిచేత్తో హాయిగా ఆడుతుంటే, పక్కకు దూరంగా వెళ్లే బంతి రెండు చేతులకు అందకపోతుంటే, నెట్ ఆట మీ బలమైతే అవి గట్టి కారణాలు. సర్వీస్ రిటర్న్ బలహీనంగా ఉందని మారితే మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే, ఎందుకంటే వేగంగా వచ్చే సర్వీసుకు రెండు చేతులే ఎక్కువ సాయం. చూడ్డానికి అందంగా ఉంటుందన్నది కాదనలేని నిజం, కానీ ఆ ఒక్క కారణం సరిపోదు. 1973లో ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) ర్యాంకింగులు మొదలయ్యాక సింగిల్ హ్యాండ్ ఆటగాడు ఒక్కడూ లేని టాప్ టెన్ మొదటిసారి 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఏ దారిలోకి అడుగుపెడుతున్నారో తెలిసే పెట్టండి.

ఒక చిన్న పరీక్ష ఉంది. పక్కనుంచి ఒకరు బంతి వదులుతుంటే ఒంటిచేత్తో 20 బంతులు టాప్‌స్పిన్‌తో (బంతి ముందుకు దొర్లేలా కింది నుంచి పైకి కొడుతూ) క్రాస్‌కోర్టు (ఒక మూల నుంచి ఎదుటి మూలకు) కొట్టండి. 12 బంతులు అవతలి సర్వీస్ లైన్ దాటి కోర్టులో పడితే భుజం, ముంజేయి సిద్ధంగా ఉన్నట్టు. ఏడెనిమిదికి మించకపోతే ముందు రెండు నెలలు బలం పెంచండి.

వారానికి నాలుగైదు రోజులు ఆడేవాళ్లకు ర్యాలీలో షాట్ నిలబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మ్యాచ్‌లో స్కోరు 4–5 ఉన్నప్పుడు కూడా భయపడకుండా కొట్టడానికి ఆరు నెలలు. మొదటి మూడు నెలలు టోర్నమెంట్లకు పేరు ఇవ్వకండి. ఒత్తిడిలో చెయ్యి తనంతట తానే పాత షాట్‌కి పోతుంది, సగం అదీ సగం ఇదీ అయిన షాట్ అలవాటైతే విడిపించడం చాలా కష్టం.

ప్రశ్న: తిరుపతిలో ఉద్యోగం, ఉదయం ఆరింటికి ఆడతాను. నెల క్రితం సింగిల్ హ్యాండ్ మొదలుపెట్టాను. బంతి అయితే గాల్లోకి తేలిపోతుంది, లేదా ఎడమ పక్క గీత దాటి పోతుంది. సరిచేద్దామని చూస్తే నెట్‌కి తగులుతుంది. గ్రిప్ తప్పా, చెయ్యి తప్పా?
– ఎం.ఆర్.పల్లి, తిరుపతి

జవాబు: మీరు చెప్పిన మూడు తప్పులకూ మూలం ఒకటే కావచ్చు: ఎడమ చెయ్యి తీసేశారు, మిగతాదంతా డబుల్ హ్యాండ్ లాగానే ఉంచారు.

మొదట గ్రిప్. రాకెట్ పిడికి ఎనిమిది పలకలుంటాయి. ఫ్రేము అంచు నేలవైపు ఉండేలా పట్టుకుంటే పైన కనిపించేది ఒకటో పలక. పిడి అడుగు మీవైపు ఉండగా గడియారం తిరిగే దిశలో లెక్కపెట్టండి. డబుల్ హ్యాండ్ ఆడేవాళ్లలో చాలామంది కుడి చూపుడువేలి అడుగు కణుపు రెండో పలక మీద ఉంటుంది, అంటే కాంటినెంటల్ గ్రిప్. అక్కడ ఎడమ చెయ్యి రాకెట్ ముఖాన్ని నిలబెడుతుంది. ఆ చెయ్యి లేకపోతే అదే గ్రిప్‌లో ముఖం ఆకాశం వైపు తెరుచుకుంటుంది, బంతి తేలిపోతుంది. దాన్ని ఆపాలని మణికట్టు కిందికి విరిస్తే నెట్‌కి పోతుంది. కణుపును ఒకటో పలక మీదికి తెండి. ఇది ఈస్టర్న్ బ్యాక్‌హ్యాండ్ గ్రిప్. మీ ఫోర్‌హ్యాండ్ సెమీ వెస్టర్న్ అయితే కణుపు నాలుగో పలక మీద ఉంటుంది కాబట్టి ప్రతి బ్యాక్‌హ్యాండ్‌కీ మూడు పలకలు తిప్పాలి. ఆ తిప్పే పని ఎడమ చెయ్యిది. అది రాకెట్ మెడ పట్టుకుని వెనక్కి లాగుతుంది, కుడి వేళ్లు ఒక క్షణం వదులై కొత్త చోట బిగుస్తాయి. కుడి చేత్తోనే తిప్పుకోవాలని చూస్తే ఎప్పుడూ ఆలస్యమే.

రెండోది, బంతిని కొట్టే చోటు. అసలు మార్పంతా ఇక్కడుంది. డబుల్ హ్యాండ్‌లో బంతి ముందరి తుంటికి కాస్త ముందు తగిలినా సరిపోతుంది. సింగిల్ హ్యాండ్‌లో కుడి పాదానికి 30 నుంచి 40 సెంటీమీటర్లు ముందు తగలాలి, నడుము ఎత్తులో అయితే మరీ మంచిది. వెనక తగిలితే రాకెట్ ముఖం ఎడమవైపు చూస్తూ ఉంటుంది, అందుకే మీ బంతి పక్క గీత దాటుతోంది. ముందు తగలాలంటే ముందే సిద్ధం కావాలి: అవతలివాడి రాకెట్ నుంచి బంతి ఎడమవైపు బయలుదేరిందని తెలిసిన వెంటనే భుజాలు తిరగాలి. బంతి మీ కోర్టులో నేల తాకేలోపు రాకెట్ వెనక ఉండాలి, గడ్డం కుడి భుజం మీదికి వచ్చి ఉండాలి.

తర్వాత వరస ఇది. కుడి కాలు బంతివైపు ఏటవాలుగా పడి బరువు దాని మీదికి వస్తుంది. రాకెట్ తల బంతి కంటే అడుగు కిందికి దిగుతుంది. మోచెయ్యి బంతి తగలడానికి ముందే చాచుకుని ఉంటుంది, తగిలేటప్పుడు చాచకూడదు. కుడి చెయ్యి ముందుకు కదిలిన క్షణంలో ఎడమ చెయ్యి రాకెట్ మెడ వదిలి వెనక్కి పోతుంది. చాలామంది ఎడమ చేతిని కుడి చెయ్యితోపాటు ముందుకు తెస్తారు. దాంతో ఛాతీ నెట్‌వైపు తెరుచుకుంటుంది, భుజం బలమంతా పోయి మణికట్టుతో గీకినట్టవుతుంది. బంతి వెళ్లిపోయాక కూడా ఛాతీ పక్కకే ఉండాలి, రాకెట్ తల మీ తల కంటే పైన ఆగాలి.

సాధన ఇలా చేయండి. మొదటి రెండు వారాలు ర్యాలీ వద్దు. నేల మీద ముగ్గుపిండితో రెండు గీతలు గీయండి: ఒకటి కుడి పాదం పెట్టే చోట, రెండోది దానికి 35 సెంటీమీటర్లు ముందు. తోడు వచ్చినవారు రెండో గీత మీద బంతి వదలాలి, మీరు అది పైకి లేచి నడుము ఎత్తుకొచ్చినప్పుడు కొట్టాలి. పదిహేనేసి చొప్పున నాలుగు విడతలు. అందులో రెండు విడతలు ఎడమ చేతి చివరి రెండు వేళ్లతో మరో బంతి పట్టుకుని, మిగతా వేళ్లతో రాకెట్ మెడ పట్టుకోండి. కొట్టే క్షణంలో ఆ బంతిని వెనక కంచెవైపు విసరండి. అది ముందుకు పడితే ఛాతీ తెరుచుకున్నట్టే, కోచ్ చెప్పక్కర్లేదు.

మూడో వారం నుంచి మార్కర్‌ని (క్లబ్బులో తోడుగా ఆడించే మనిషిని) అవతలి సర్వీస్ లైన్ దగ్గర నిలబెట్టి చేత్తో బంతులు వేయించుకోండి. ఆకుపచ్చ చుక్క ఉన్న బంతులు దొరికితే వాడండి, మామూలు బంతి కంటే 25 శాతం నెమ్మది. అన్నీ క్రాస్‌కోర్టే కొట్టండి. నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్లు, స్తంభాల దగ్గర 1.07 మీటర్లు. సింగిల్స్ కోర్టు పొడవు 23.77 మీటర్లైతే మూలకు సుమారు 25.15. తక్కువ ఎత్తు, ఎక్కువ చోటు రెండూ మీకు కలిసొస్తాయి. లైన్ వెంట కొట్టడం రెండో నెల దాకా మరిచిపోండి.

ఐదో వారంలో నాకింగ్ (పాయింట్లు లెక్కపెట్టకుండా ఇద్దరూ కొట్టుకోవడం) మొదలుపెట్టినప్పుడు ఒకే నియమం: మోకాలికీ ఛాతీకీ మధ్య వచ్చిన బంతికే టాప్‌స్పిన్, మిగతా అన్నింటికీ స్లైస్. స్లైస్ మంచిగా ఉంటే ఈ మార్పు కాలంలో సరదా మ్యాచ్‌లు కూడా నెట్టుకురావచ్చు. అది లేనివాళ్లు ముందు నెల రోజులు అదే నేర్చుకోవాలి.

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. టీవీలో చూసి ఒంటిచేత్తో ఆడతానని పట్టుబడుతోంది. బక్కగా ఉంటుంది. ఆడనివ్వొచ్చా?
– ఒక తండ్రి, చంద్రగిరి

జవాబు: స్లైస్, వాలీ ఇప్పుడే ఒంటిచేత్తో నేర్పించండి. టాప్‌స్పిన్ షాట్ ఇంకో రెండు మూడేళ్లు రెండు చేతులతోనే ఉండనివ్వండి. పదేళ్ల పిల్లలకు బంతి తరచూ భుజం ఎత్తుకు లేస్తుంది, ఒంటిచేత్తో దాన్ని మోయడానికి వెనక్కి వాలడం అలవాటవుతుంది. పాప సరదా చంపకుండా వారానికోసారి నారింజ చుక్క బంతితో, చిన్న కోర్టులో ఒంటిచేతి ఆట ఆడించండి. 1.67 మీటర్ల ఎత్తున్న జస్టిన్ ఎనాన్ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌తోనే ఏడు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచింది, కాబట్టి ఎత్తు గురించి బెంగ అక్కర్లేదు.

ప్రశ్న: వయసు 43. మూడు నెలలుగా సింగిల్ హ్యాండ్ ఆడుతున్నాను. మోచేతి బయటివైపు నొప్పి, చెంబు ఎత్తినా లాగుతోంది. పాలియెస్టర్ గట్ (రాకెట్ తీగ), బిగువు 56 పౌండ్లు. ఆట మానేయాలా?
– గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఆట మొత్తం మానక్కర్లేదు, ఆ షాట్ ఇప్పుడే ఆపండి. మీరు చెప్పేవి టెన్నిస్ ఎల్బో లక్షణాలు. మణికట్టును పైకి లేపే కండరాలు మోచేతి బయటి ఎముక దగ్గరే అతుక్కుని ఉంటాయి. బంతి తగిలే క్షణంలో మణికట్టు అరచేతి వైపు వంగి ఉంటే, సాగి ఉన్న ఆ కండరాలే అదురంతా భరిస్తాయి. మోచెయ్యి ముందుకు పొడుచుకొచ్చి రాకెట్ వెనకబడే వాళ్లకు ఇది మరీ ఎక్కువ. రెండు చేతులతో ఆడినప్పుడు ఎడమ చెయ్యి ఆ భారం పంచుకునేది, ఇప్పుడా సాయం లేదు.

గట్టింగ్ మార్పించండి. పాలియెస్టర్ తీసేసి మల్టీఫిలమెంట్ గానీ సింథటిక్ గట్ గానీ 48 నుంచి 50 పౌండ్లకు వేయించండి. పాలియెస్టర్ తెగకపోయినా కొన్ని వారాలకే సాగే గుణం పోగొట్టుకుంటుంది, తెగలేదు కదా అని ఆర్నెల్లు ఆడితే చేతికే చేటు. అక్టోబరు నుంచి మన దగ్గర పడే వానల్లో తడిసిన బంతులతో ఆడకండి, నీళ్లు పీల్చిన బంతి బరువెక్కుతుంది.

వ్యాయామం ఒకటి చాలు, కానీ రోజూ చేయాలి. ముంజేయి బల్ల మీద పెట్టి, అరచెయ్యి నేలవైపు ఉంచి, మణికట్టు బల్ల అంచు దాటి బయటికి రానివ్వండి. అర కిలో బరువుతో మొదలుపెట్టండి, అర లీటరు నీళ్ల సీసా అయినా సరే. ఎడమ చేత్తో సాయం పట్టి పైకి లేపండి, కుడి చేత్తో మాత్రమే మూడు నాలుగు సెకన్లు తీసుకుంటూ కిందికి దించండి. పదిహేనేసి చొప్పున మూడు విడతలు. కాస్త లాగినట్టుంటే ఫరవాలేదు, పొడిచినట్టుంటే ఆపండి. రెండు వారాలకూ తగ్గకపోయినా, రాత్రి నిద్ర పట్టనివ్వకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఎముకల డాక్టరుకు చూపించండి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు రోజుకు 20 బంతులకు మించొద్దు.

ప్రశ్న: బెంగళూరులో పోటీలకు వెళ్తే కిక్ సర్వీస్ (నేల తాకాక ఎత్తుగా ఎగిరేలా తిప్పి వేసే సర్వీస్) నా భుజం దాటి లేస్తోంది. సింగిల్ హ్యాండ్‌తో ఏం చేయాలి?
– పలమనేరు

జవాబు: బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. గాలి పలచన కాబట్టి బంతి వేగం తక్కువగా తగ్గుతుంది, మీకు సమయం తగ్గుతుంది. భుజం పైన ఒంటిచేతికి బలం ఉండదు, కాబట్టి అక్కడ కొట్టకుండా ఉండటమే ఉపాయం. మొదటి మార్గం, బంతి లేస్తుండగానే ఎడమకు ఏటవాలుగా ముందుకెళ్లి ఛాతీ ఎత్తులో అందుకోవడం. రాకెట్ వెనక్కి తీసేది చాలా కొద్దిగానే. రెండో మార్గం, బేస్‌లైన్‌కు రెండు మీటర్లు వెనక నిలబడి బంతి నడుము ఎత్తుకు దిగాక టాప్‌స్పిన్ కొట్టడం. ఇలా నిలబడితే పక్కకు వేసిన సర్వీసుకు కోర్టు ఖాళీ అవుతుంది, అది గుర్తుంచుకోండి. మూడోది, కాంటినెంటల్ గ్రిప్‌లో భుజం ఎత్తు నుంచి కిందికి స్లైస్ చేసి లోతుగా పంపడం. సెకండ్ సర్వీసులో ఒక అడుగు ఎడమకు జరిగి నిలబడి ఫోర్‌హ్యాండ్‌తో తీసుకోవడంలో తప్పేం లేదు. అక్కడికి వెళ్లే ముందు గట్ రెండు పౌండ్లు బిగించుకుంటే బంతి చేజారి పోదు.

ప్రశ్న: నా రాకెట్ 100 చదరపు అంగుళాలు, 285 గ్రాములు. సింగిల్ హ్యాండ్‌కి చిన్న తల రాకెట్ కొనాలంటున్నారు, నిజమేనా?
– శ్రీకాళహస్తి

జవాబు: కొనకండి. ఫెదరర్ అంతటివాడే 2014లో 90 నుంచి 97 చదరపు అంగుళాలకు పెరిగాడు. మీ రాకెట్ సరిపోతుంది. బంతి తగిలినప్పుడు చేతిలో తిరిగిపోతుంటే తలకు రెండు పక్కలా, గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట్ల, రెండేసి గ్రాముల సీసపు టేపు అతికించండి. పిడి మందం చూసుకోండి: పట్టుకున్నప్పుడు వేళ్ల చివర్లకూ అరచేతికీ మధ్య ఎడమ చూపుడువేలు పట్టాలి. చెమటకు జారుతుంటే పిడి గట్టిగా బిగించి పట్టుకుంటారు, అక్కడి నుంచే మోచేతి నొప్పి మొదలవుతుంది. వేసవిలో ఏడెనిమిది గంటల ఆటకొకసారి ఓవర్‌గ్రిప్ (పిడి మీద చుట్టే పట్టీ) మార్చండి.