తెలుగులోనే చెప్పు, మురళీ

ఒంగోలు

చిరంజీవి మురళికి బాబాయి ఆశీస్సులు.

మొన్న రాత్రి సుజాత ఫోన్ చేసింది. నువ్వు స్నానానికి వెళ్లిన ఆ పది నిమిషాల్లోనే, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. బాల్కనీలో తులసికుండీ వెనక సిగరెట్ పీకలు దొరికాయట. జనవరిలో మానేశానని ఒట్టు పెట్టినవాడివి మళ్లీ మొదలుపెట్టావట. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోకు. నేనూ నీతులు చెప్పబోవడం లేదు. ఇరవై తొమ్మిదేళ్లు కాల్చినవాడికి ఆ హక్కు లేదు. అయిదోసారికి మానగలిగినవాడిగా ఒక పని ఎలా చెయ్యాలో మాత్రం చెబుతాను. ఆ పని పొగ మానడానికి సాయం చేసే నంబరుకు ఫోన్ చెయ్యడం.

నవ్వు వస్తోందా? నాకూ వచ్చింది. పొగాకు పండించిన ఇంట్లో పుట్టాను. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, ఆకు ఆరే రాత్రుళ్లు మీ తాతయ్య పక్కన మంటకు కాపలా కూర్చున్నాను. వేలంలో మంచి ధర పలికిన ఏడే మాకు పండక్కి కొత్త బట్టలు. అలాంటివాడి చేత ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్‌లో మాన్పిస్తుందా అనుకున్నాను.

సిగరెట్ ప్యాకెట్ ఒకటి తీసి చూడు. ఆ భయంకరమైన బొమ్మతోపాటు 1800-11-2356 అని ఉంటుంది. 2018 సెప్టెంబరు నుంచి పొగాకు ప్యాకెట్ల మీద ఈ నంబరు ముద్రించాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. నువ్వు బడ్డీ కొట్టులో ఒక్కొక్కటిగా కొనే రకానివి కాబట్టి దాన్ని చూసి ఉండవు. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ సేవ మొదలైనప్పుడు హిందీ, ఇంగ్లీషు మాత్రమే ఉండేవి. తరువాత ముంబయి, గువాహటి, బెంగళూరు కేంద్రాలు చేరాయి. మన దక్షిణాది భాషలను బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య సంస్థ వారు చూస్తారు. ఫోన్‌కు పైసా ఖర్చు లేదు. పగటిపూట చెయ్యి. ఎత్తగానే ‘తెలుగులో మాట్లాడాలి’ అని చెప్పు.

‘నాకు ఇంగ్లీషు వచ్చు కదా బాబాయ్, రోజంతా అందులోనే మాట్లాడతాను’ అంటావని తెలుసు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఇంగ్లీషులో నువ్వు చక్కగా తయారు చేసుకున్న వాక్యాలు మాట్లాడతావు. ఆఫీసు పని గురించి చెప్పినట్టే సిగరెట్ గురించీ చెబుతావు. తెలుగులో అయితే అబద్ధాలు కూడా తెలుగులోనే చెప్పాలి. వాటిని తెలుగువాళ్లు ఇట్టే పట్టేస్తారు.

నా సంగతే విను. రోజుకు ఎన్ని కాలుస్తారని అక్కడ ఫోన్ ఎత్తిన అమ్మాయి అడిగింది.

‘తగ్గించానండీ.’

‘మంచిది. తగ్గించాక ఎన్ని?’

‘ఏదో, నాలుగైదు.’

‘ఆ ఏదోను పక్కన పెట్టి చెప్పండి.’

పదకొండు అన్నాను. మీ పిన్నికి ఆ లెక్క ఏనాడూ చెప్పలేదు. మా డాక్టరు గారికీ చెప్పలేదు. ‘ఒక్కటే’, ‘ఊరికే’, ‘పని ఎక్కువైతేనే’, ‘ఎవరైనా ఇస్తేనే’. మనం తప్పించుకు తిరిగే సందులన్నీ ఈ నాలుగు మాటల్లోనే ఉన్నాయి. అవతలి మనిషికీ అవే సందులు తెలిసి ఉండాలి. ఇక నాలుక పీకేయడం అనే మాట ఉంది చూశావా, భోజనం అయిన రెండో నిమిషంలో కలిగేది, దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకు చెప్పగానే అర్థమైంది.

అన్నట్టు, ఏం కాలుస్తారని కూడా అడిగింది. సిగరెట్టా, బీడీనా, చుట్టా అని. మీ పిన్ని వాళ్ల నాయనమ్మది శ్రీకాకుళం వైపు ఊరు. ఆవిడ చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చేది. అడ్డపొగ అంటారు. నోటిలో పైభాగమంతా కమిలిపోయి ఉండేదట. అంగిలి కేన్సర్‌కు అది పెద్ద కారణమని వైద్యులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. అలాంటి ఆవిడ పరాయి భాషలో ఫోన్ చేస్తే ముందు అడ్డపొగ అంటే ఏమిటో వివరించడానికే అరగంట పట్టేది.

వాళ్లు అడిగే మరో ప్రశ్నకు తప్పకుండా నిజం చెప్పు. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తావు? అరగంటలోపు అయితే ఒంటికి నికోటిన్ గట్టిగా అలవాటు పడినట్టే లెక్క. నేను అయిదు నిమిషాల మనిషిని. అందుకే డాక్టరును అడిగి నికోటిన్ చూయింగ్ గమ్ వాడమన్నారు. అందులో 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అని రెండు రకాలు. నీకు బీపీ ఉంది కాబట్టి డాక్టరును అడగకుండా కొనకు. నేను దాన్ని పిల్లల గమ్ములా కసకసా నమిలి మింగాను. సాయంత్రం దాకా ఎక్కిళ్లు, గొంతులో మంట. నెమ్మదిగా నాలుగు నములు నమిలి, నోట్లో చుర్రుమనగానే చిగురుకూ బుగ్గకూ మధ్య ఉంచి వదిలెయ్యాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. టీ తాగుతూ వాడితే సరిగా పని చెయ్యదు. ఈ ముక్క నాకు రెండో ఫోన్‌లో తెలిసింది.

తరువాత మానే రోజు నిర్ణయించమంటారు. ఉగాదో, పుట్టినరోజో, పిల్లవాడి అన్నప్రాసనో పెట్టుకోకు. నేను ఒకసారి తిరుమలలో గుండు చేయించుకుని మొక్కుకున్నాను. జుట్టు తిరిగి మొలిచేలోపే అగ్గిపెట్టె కొన్నాను. ఏ విశేషమూ లేని బుధవారం లాంటిది చూసుకో. అది వారం పది రోజుల్లోపే ఉండాలి. దూరం పెట్టుకుంటే అప్పటిదాకా నిశ్చింతగా కాలుస్తావు.

ఇక నేను అసలు రాయాలనుకున్నది. ఫోన్ చెయ్యడం సులువు. వాళ్లు తిరిగి చేసినప్పుడు ఎత్తడమే కష్టం.

మా అమ్మాయి శాన్‌డియేగోలో ఉంది కదా, 2022లో అక్కడ ఆరు నెలలు ఉన్నాం. పార్కు బల్ల మీద రోజూ ఒక వియత్నాం పెద్దాయన కూర్చునేవాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒక బాపతే కాబట్టి త్వరగా స్నేహమైంది. ఆయనా ఫోన్ సాయంతోనే మానాడట, వియత్నామీస్‌లో. ఆ ఊళ్లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 1993 నుంచి చైనీస్, కొరియన్, వియత్నామీస్ భాషల్లో ఈ సాయం చేస్తున్నారు. చైనీస్‌లోనూ మాండరిన్ వేరు, కాంటనీస్ వేరు. 2012లో అది అమెరికా అంతటికీ విస్తరించింది. ఆ వరుసలో తెలుగు లేదు. ఆయన గర్వంగా చెబుతుంటే, మాకు బెంగళూరులో ఉందిలే అని నేనూ తగ్గలేదు.

ఆ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ ఫోన్ సాయాన్ని పరీక్షించి చూశారు. రెండు వేలకు పైగా జనాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి వాళ్ల భాషలో పుస్తకాలు మాత్రం పంపారు. రెండో భాగానికి పుస్తకాలతోపాటు ఫోన్ చేసి మాట్లాడారు. ఆరు నెలలపాటు మానినవాళ్లు పుస్తకాల వైపు వందకు 8 మంది, ఫోన్ వైపు 16 మంది. పదహారేనా అనకు. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను ఆ మిగిలిన ఎనభై నాలుగు మంది లాంటివాణ్ణే. రెండోసారి చేశాను.

ఆ విశ్వవిద్యాలయం వారు పాటించే పద్ధతిలో మానిన తొలి రోజుల్లో ఫోన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. మొదటి రోజు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు, నెలకు. పడిపోయేవాళ్లలో ఎక్కువమంది మొదట్లోనే పడిపోతారు కాబట్టి కాపలా కూడా అప్పుడే ఎక్కువ. మన దగ్గరా తిరిగి ఫోన్ చేస్తారు. ఆ రెండు మూడు రోజులు ఒంటి మీద చీమ పాకినా చిరాకే. కోరిక మాత్రం వచ్చిన ప్రతిసారీ మూడు నుంచి అయిదు నిమిషాలే ఉంటుంది. గడియారం పెట్టి చూశాను, నిజమే. ఆ అయిదు నిమిషాలూ నేను వాకిట్లో మొక్కలకు నీళ్లు పోసేవాణ్ణి. పోసిన చెట్టుకే మళ్లీ పోసి మీ పిన్ని చేత తిట్లు తిన్నాను. రెండు గులాబీ మొక్కలు కుళ్లిపోయాయి కూడా.

నీకు తెలియని నంబరు మోగితే అప్పు ఇస్తామనే వాళ్లనుకుని కట్ చేస్తావు. ఈ నెల మాత్రం ఎత్తు. ఒకటి కాల్చేసిన రోజు అయితే తప్పకుండా ఎత్తు. మా తోడల్లుడి కొడుకు పెళ్లి భోజనాల దగ్గర ఎవరో ప్యాకెట్ చాపితే తీసుకున్నాను. ఆ తరువాత రెండు రోజులు ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను, బడి ఎగ్గొట్టిన పిల్లవాడిలా. మూడో రోజు ఎత్తి చెప్పాను. ఆ అమ్మాయి ‘అయ్యో’ అనలేదు, ‘ఎందుకు’ అని అడగలేదు. ‘అగ్గిపెట్టె ఎవరిది?’ అని అడిగింది. నాదే. అన్నీ పారేసినా అలమరలో ఒకటి దాచి ఉంచాను, కరెంటు పోతే పనికొస్తుందని. సిగరెట్ గురించి అడిగితే ఎలాగో తప్పించుకునేవాణ్ణి, అగ్గిపెట్టె దగ్గర దొరికిపోయాను.

మీ ఆఫీసులో ఎవరైనా ఈ-సిగరెట్ ఇస్తే ముట్టకు. 2019 నుంచి మన దేశంలో దాని మీద నిషేధం ఉంది. ఖైనీ, గుట్కాల మాట చెప్పనే అక్కర్లేదు.

అన్నయ్యకు ఈ ఉత్తరం సంగతి చెప్పలేదు, చెప్పను. ఆదివారం పెళ్లిచూపుల పని మీద హైదరాబాద్ వస్తున్నాను. ఫోన్ చేశావా అని అడగను. ఏ బుధవారమో మాత్రం చెప్పు.

ఆశీస్సులతో,
మీ బాబాయి

తా.క. ఈ ముక్క సుజాతకు చూపించు. అమ్మా, ఆ వియత్నాం పెద్దాయన విషయంలోనూ ముందు ఫోన్ చేసింది ఆయన కూతురేనట. అక్కడి ఆసియా భాషల లైన్లకు ఇంగ్లీషు లైనుకంటే ఎక్కువగా భార్యలు, పిల్లలే చేస్తుంటారట. వాళ్లు చెప్పేదంతా విని, ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పి, చివరకు ఆయన్నే మాట్లాడమనండి అంటారట. నువ్వు నాకు చేసిన ఫోన్ కూడా అలాంటిదే, అందులో తప్పేమీ లేదు. కుండీ వెనక పీకలు లెక్కపెట్టడం మాత్రం ఇక ఆపెయ్యి. ఆ లెక్క వాడు బెంగళూరుకు చెప్పుకుంటాడు.