ఎన్నికల ప్రచారానికి పార్టీలకు అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ప్రశ్నకు అందరూ కాంట్రాక్టర్లు, కంపెనీలు, ఎన్నికల బాండ్లు (పేరు బయటపడకుండా పార్టీకి విరాళమిచ్చే పత్రాలు) అంటారు. కాదనను. కానీ గుంటూరులో పద్దెనిమిదేళ్లుగా షామియానా, కుర్చీల సప్లయి చేస్తున్నవాడిగా చెబుతున్నా, ప్రచారంలో సగం మా అప్పు మీదే నడుస్తుంది. కుర్చీలవాడు, మైకువాడు, ఫ్లెక్సీవాడు, ఆటోవాడు, బిర్యానీ వండే మాస్టారు, అందరం అరువు ఇచ్చినవాళ్లమే.

2019లో ఒక అసెంబ్లీ అభ్యర్థికి నెల రోజులు కుర్చీలు, స్టేజీ వేశాను. ఏ పార్టీయో చెప్పను. గెలిచాడో ఓడాడో చెప్పినా మా ఊరివాళ్లు పేరు పట్టేస్తారు. మొత్తం 3,10,000 అయింది. విడతలవారీగా కొంత ఇచ్చారు, 1,40,000 ఆగిపోయింది.

బిల్లు రాసేటప్పుడు లెక్కలు చూసే కుర్రాడు "బాబాయ్, అన్న పేరు రాయొద్దు, పార్టీ పేరు మీద రాయి" అన్నాడు. అభ్యర్థి ఖర్చుకు అప్పట్లో 28 లక్షల పరిమితి (2022లో 40 లక్షలు చేశారు). పార్టీ ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ఎన్నికల సంఘం వీడియో టీములు సభలకొచ్చి కుర్చీలు కూడా లెక్కపెట్టుకుంటాయి, అందుకని ఆ జాగ్రత్త. వాడు చెప్పినట్టే రాసిచ్చాను, అక్కడే దెబ్బ తిన్నాను. తర్వాత అన్న ఇంటికి వెళ్తే "బిల్లు పార్టీది కదా, ఆఫీసులో అడుగు" అన్నారు. బస్సెక్కి విజయవాడ వెళ్లి ఆఫీసులో అడిగితే "ఈ సభలు మా లెక్కలో లేవండీ, అభ్యర్థినే అడగండి" అన్నారు.

ఆరోసారి ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి మేనేజరు గోడౌన్ తీసి నాలుగు గోనె సంచుల కండువాలు చూపించాడు. "ప్రస్తుతానికి ఇవి పట్టుకెళ్లు, డబ్బు సంగతి తర్వాత చూద్దాం." కాటన్ అయినా కుర్చీలు తుడుచుకునేవాళ్లం. పాలిస్టర్, చుక్క నీళ్లు పీల్చదు. తెచ్చి మూల పడేశాను.

2024 ఎన్నికల్లో అవతలి పార్టీ సభ తగిలింది. రెండు వేల కుర్చీలు. పెళ్లిళ్ల సీజన్ కూడా కావడంతో తాళ్లు చాలలేదు. మా కుర్రాళ్లు తెలివి ఉపయోగించి ఆ కండువాలతో ఇరవయ్యేసి కుర్చీలకు కట్టలు కట్టి లారీకెక్కించారు. నేను చూసుకోలేదు. సభ దగ్గర లారీ డోరు తీసేసరికి నిండా ఎదుటి పార్టీ రంగు! ఒకడు వీడియో తీస్తున్నాడు, ఇంకొకడు డ్రైవరు కాలరు పట్టుకున్నాడు. ఫోన్ రాగానే బండేసుకుని పరుగెత్తాను. దారంతా ఒకటే టెన్షన్, కుర్చీలు ఎక్కడ తగలబెడతారో అని. వెళ్లేసరికి అక్కడి నాయకుడు ఒకాయన "ఏం బాబాయ్, వాళ్ల మనిషివా?" అన్నాడు.

"వాళ్ల మనిషిని కాదు బాబూ, వాళ్లకి అప్పిచ్చినవాణ్ణి. బాకీ కింద ఇవే ఇచ్చారు" అన్నాను.

విరగబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక, "అయితే మన బిల్లు కూడా సభయ్యాక చూసుకుందాంలే" అన్నాడు. అడ్వాన్సు ముందే తీసుకున్నాను గనక బతికాను.

అదే నెలలో కూలీల డబ్బు 72,000 తీసుకెళ్తుంటే హైవే మీద చెక్‌పోస్టులో ఆపారు. కోడ్ ఉన్నప్పుడు 50 వేలు దాటితే కాగితాలు చూపించాలట. నా బాకీల పుస్తకం తిరగేసి, జాలిపడి వదిలేసేసరికి రెండు గంటలు. పంచే డబ్బు ఏ దారిన పోతుందో మరి, మా లైనులో మాత్రం కొబ్బరికాయల బండివాడు, నేను, ఒక పెళ్లికూతురి తండ్రి.

బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. మార్చిలో కొన్నవాళ్ల లిస్టు బయటపడింది. హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లతో రెండో స్థానం. వాళ్ల పేరైనా పేపర్లో పడింది. 20 వేలు దాటి విరాళమిచ్చినవాడి పేరు పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పాలని చట్టం. నేను లక్షా నలభై వేలు ఇచ్చాను, నా పేరు ఏ లిస్టులో ఉంది?

మా వ్యాపారంలో ఉన్నవాళ్లెవరైనా చదువుతుంటే ఒక్క మాట. బిల్లు అభ్యర్థి పేరు మీదే రాయండి. పది వేలు దాటితే అభ్యర్థి ఎన్నికల కోసం తెరిచే బ్యాంకు ఖాతా నుంచి చెక్కో, ఆన్‌లైనో ఇవ్వాలని రూలు. ఆ చెక్కు చేతికొచ్చాకే లారీ డోరు తీయండి.