తాతగారి .32 రివాల్వర్ సీసం చిమ్ముతోందంటే

తమ్ముడూ, లైసెన్స్ నీ పేరుకు మారాక తాతగారి పాత .32 రివాల్వర్‌ని రేంజ్‌లో కాలిస్తే పక్కనున్నాయన చేతికి సీసం తునకలు తగిలాయన్నావు కదా, ముందు దాన్ని కాల్చడం ఆపెయ్. తప్పు తూటాలదే కాకపోవచ్చు. తూటాలుండే తిరిగే సిలిండర్‌లోని గది గొట్టానికి సూటిగా రాకుండా కాస్త పక్కకి ఆగితే, తూటా అంచు గీసుకుపోయి ఆ సీసమే సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి చిమ్ముతుంది. అన్ని గదులూ ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని హ్యామర్‌ని మెల్లగా వెనక్కి లాగు, పూర్తిగా లాగినా సిలిండర్ టక్కున లాక్ కాకపోతే దాన్ని తిప్పే కొక్కెమో, ఆపే మీటో అరిగి ఉంటుంది. ఒక్కో గదినీ విడిగా చూడాలి, ఒక్కటే తేడాగా ఉండొచ్చు. రిపేరుకి లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లు. విజయనగరంలో తెలిసిన లేత్ మెషీన్ అతనికి ఇస్తే పని చెడడమే కాదు, కేసు కూడా అవుతుంది.

గొట్టం మీది ముద్ర కూడా చదువు. మన ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ (ఆయుధ కర్మాగారం) .32 రివాల్వర్‌కి వేసేది ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) లాంగ్ రకం తూటా, పాత పొట్టి తూటాకి చేసిన రివాల్వర్‌కి అది పొడవెక్కువ. పట్టకపోతే బలవంతం చెయ్యొద్దు.

అన్నట్టు, తోలు ఒరలోనే దాస్తున్నావా? మన సముద్రపు గాలికి తోలు చెమ్మ పీల్చి తుప్పు పట్టిస్తుంది, రివాల్వర్‌ని అందులోంచి తీసెయ్.